సిద్దిపేటలో దిగిపోయిన పెద్దమ్మకు

ఎవరికి దండం పెట్టాలో ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఇన్సూరెన్స్ కాగితాల పని మీద కరీంనగర్‌లో హైదరాబాద్ బస్సు ఎక్కాం. ఆమె మా వెనక సీట్లో కూర్చుంది, ఒళ్లో బత్తాయిల సంచి.

ఎనిమిది నెలల కింద మా ఆయన బండి మీద నుంచి పడ్డాడు. తలకు కుట్లు వేశారు, స్కానింగ్ నార్మల్ అన్నారు, ఐదో రోజు ఇంటికి పంపారు. కుట్లు మానాయి గానీ మనిషి మారిపోయాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని అరిచేవాడు. పిల్లల మీద ఎన్నడూ గొంతు లేపనివాడు కంచం విసిరాడు. ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే పక్కనే కూర్చుని ఉన్నాడు, లేవలేదు. పొగరన్నారు, పని దొంగ అన్నారు. నేనూ అన్నాను.

ఆ రోజు బస్సులో ముందు సీటు పిల్లాడు ఫోన్‌లో పాటలు గట్టిగా పెట్టాడు. ఈయన లేచి ఫోన్ లాక్కున్నాడు. "పొద్దున్నే తాగిండు" అని తలో మాట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడు ఆ పెద్దమ్మ నా భుజం తట్టి మెల్లగా అడిగింది, "తలకు దెబ్బ గిట్ల తాకిందా బిడ్డా?"

బత్తాయి తొక్కను గోటితో గిల్లి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "వాసనొస్తుందా కొడుకా?" ఇవతల కూర్చున్న నాకే గుప్పున కొట్టింది. ఆయన రెండుసార్లు పీల్చి, "ఏం వస్తలేదు" అన్నాడు.

"మా చిన్నోనికి గిట్లనే అయింది. ఇది కోపం గాదు బిడ్డా, దెబ్బ. నరాల డాక్టర్‌కు చూపియ్యి. రోజూ ఏమైతుందో బుక్కుల రాసిపెట్టు."

అంతమందిలో భోరున ఏడ్చాను. ఆమె ఏమీ అనలేదు. ఒలిచిన తొనలు నా చేతిలో పెట్టింది, సిద్దిపేటలో దిగిపోయింది.

ఆ నోట్‌బుక్ చూసే డాక్టర్ గారు ఎమ్మారై రాశారు. నుదుటి వెనక మెదడు దెబ్బతిందట. కోపాన్ని ఆపేదీ, మనిషిని లేపి పనిలోకి దింపేదీ ఆ భాగమేనట. వాసన నరాలు ముక్కు పైన సన్నటి ఎముక గుండా పోతాయి, తల గట్టిగా అదిరితే తెగుతాయట. ఇవన్నీ మొదటి స్కానింగ్‌లో కనపడాలని లేదట. మరి ఇంటికి పంపేటప్పుడు ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు? కుట్లు తడవొద్దని రాసిచ్చారు, అంతే. వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపుకు పోతే "కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నారు. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, తల దెబ్బకు విడిగా పేరు లేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నిలబడి ఉత్త చేతులతో వచ్చాం.

అత్తమ్మ, మా అన్న, వదిన ఉన్నారు, వాళ్లకు దండాలు వేరే చెప్పక్కర్లేదు.

పెద్దమ్మా, మీ చిన్నోడు ఇప్పుడెలా ఉన్నాడని ఆ రోజు నేను అడగనే లేదు. ఎవరైనా ఇది నీకు చదివి వినిపిస్తే, ఒక్కసారి చెప్పు.

అయ్యో, మరిచాను, ఆ రాత్రి రోడ్డు మీద నుంచి ఎత్తుకెళ్లిన 108 తమ్ముళ్లు. బస్సులో జనాన్ని కూర్చోబెట్టిన కండక్టర్ అన్న. ఇంకా మా పక్కింటి అక్క, నేను డ్యూటీకి పోయాక రోజూ వచ్చి మా గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి పోతుంది.