మాల్దీవుల కింద మా ఊళ్లున్నాయి

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం మీ అనుబంధంలో మా కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నా, చేను పనుల్లో పడి కుదరలేదు. కోపం మాత్రం తగ్గలేదు. ‘తెలంగాణ మాల్దీవులు’ అంట! నీలం నీళ్లు, కాటేజీలు, బోటు షికారు, చేపల పులుసు అన్నీ రాశారు. ఆ నీళ్లు అక్కడికి ఎట్లా వచ్చాయో రాయడానికి మాత్రం ఒక్క వాక్యం చోటు దొరకలేదా?

అవి శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన కృష్ణ నీళ్లు. ఆ డ్యాంకు 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అసలు అది కరెంటు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. 885 అడుగుల దాకా నీళ్లు నిలపడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. లక్ష మందికి పైగా చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. 1981లో ఇళ్లు కూల్చేటప్పుడు మా నాయన దూలాలూ ద్వారబంధమూ ఎద్దులబండి మీద వేసుకుని కొల్లాపూర్ వచ్చాడు. ఆ ద్వారబంధమే ఇప్పటికీ మా వాకిలికి ఉంది. కొత్త గోడకు అది సరిపోలేదు. పక్క సందుల్లో ఇటుక ముక్కలు కుక్కి సిమెంటు పూశారు, ఏటా వానాకాలం అక్కడే పగులుతుంది.

గుళ్లను మాత్రం బాగానే చూసుకున్నారు. సోమశిల సోమేశ్వరుడి గుళ్లు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి విప్పి, తెచ్చి, మెరక మీద మళ్లీ పేర్చారు. గొప్ప పనే, కాదనను. రాళ్లకు పెట్టిన లెక్కలో సగమైనా మనుషులకు పెట్టి ఉంటే, ఇవాళ ‘మీ పేరు లిస్టులో లేదు’ అనే మాట పడే గతి మాకు పట్టేది కాదు.

ఏ లిస్టో మీకు చెప్పనక్కర్లేదు. 98 జీవో. ముంపు కుటుంబానికొక ఉద్యోగమని 1986లో ఇచ్చారు. కొందరికి వచ్చాయి. వస్తుందని ఎదురుచూసి వయసు దాటిపోయినవాళ్లు మా వైపు ఊరూరా ఉన్నారు. మా అన్న కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే భూసేకరణ రికార్డు తెమ్మన్నారు. ఆ రికార్డు ఎక్కడుందయ్యా అంటే కర్నూల్లో అడగమన్నారు. అక్కడ అడిగితే ఇప్పుడు మీది వేరే రాష్ట్రం కదా అన్నారు. రాష్ట్రాలు రెండయ్యాయి, జిల్లాలు ముక్కలయ్యాయి, కలెక్టర్లు ఎందరో మారారు. మా అన్న దరఖాస్తు ఒక్కటే మారలేదు. ఆయనకిప్పుడు మనవలు.

ఇక వంతెన. 2007 జనవరిలో కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయినప్పుడు మంత్రులు వరసగా వచ్చారు, వంతెన కడతామన్నారు. 2022 అక్టోబరులో కేంద్రం 1,082 కోట్లతో సోమశిల నుంచి అవతలి గట్టున ఆంధ్రలో ఉన్న సిద్ధేశ్వరానికి వంతెన కట్టడానికి సరేనంది. 30 నెలల్లో పూర్తి అన్నారు. ప్రపంచంలో ఇట్లాంటిది రెండోదట. గోపురం లాంటి స్తంభం, రంగురంగుల దీపాలు, కింద నీళ్లు కనపడేటట్టు గాజు నడకదారి! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ 30 నెలలు ఎప్పుడో దాటాయి. అవతలి గట్టు కంటికి కనపడుతూనే ఉంటుంది. రోడ్డున పోవాలంటే పెబ్బేరు, బీచుపల్లి, కర్నూలు చుట్టి రావాలి. అందుకే జనం పడవే ఎక్కుతారు. మోటార్ సైకిళ్లు, మేకలు, పెళ్లి సామాను అన్నీ అందులోనే. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, అబద్ధం చెప్పను. అన్నీ కలిపి తాడుతో కట్టి ఒక మూలకు వేలాడదీసి ఉంటాయి, ఆ ముడి విప్పగా నేను చూడలేదు.

పోనీ రేవైనా ఒకచోట ఉంటుందా? డ్యాం ఎడమగట్టున ఈగలపెంట దగ్గర తెలంగాణ వాళ్ల భూగర్భ కరెంటు కేంద్రం 900 మెగావాట్లది, కుడిగట్టున ఆంధ్ర వాళ్లది 770. అటువాళ్లు తోడుతున్నారని ఇటువాళ్లు, ఇటువాళ్లు తోడుతున్నారని అటువాళ్లు. పోటీపడి దించేస్తుంటే నీళ్లు వెనక్కి పోతాయి, రేవు బురదలోకి జరుగుతుంది. ముసలివాళ్లను భుజాల మీద ఎత్తుకుని పడవ ఎక్కించాలి. అదే 2009 అక్టోబరులో చూడండి, నీళ్లు 885 దాటి 896 అడుగులకు ఎగదన్నాయి. అలంపూర్, కర్నూలు మునిగిపోయాయి. నీళ్లు ఎక్కువైనా మాకే, తక్కువైనా మాకే. చేపలమీద బతుకుదామంటే బయటినుంచి వచ్చినవాళ్లు సన్న కన్నుల అలివి వలలతో పిల్ల చేపలు కూడా మిగల్చకుండా ఊడ్చుకుపోతున్నారు. ఆ వలలు నిషేధమే. ఎవరైనా పట్టుకుంటే కదా! ఇప్పుడేమో పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకం కింద నార్లాపూర్ వైపు తండాలు ఖాళీ అయ్యాయి. నీళ్లు కావాలి, వద్దనను. కానీ ఆ తండాల పిల్లలు కూడా మా అన్న లాగే ముసలివాళ్లు అయ్యేదాకా కాగితాలు మోయాలా?

ఒకప్పుడు పత్రికలో జిల్లా పేజీ ఉంటే ఊళ్లోకి వచ్చి నలుగురిని అడిగి రాసేవారు. ఇప్పుడు పైనుంచి డ్రోన్ తిప్పితే వ్యాసం అయిపోతోంది. మీ మొదటి ఫొటోలో కుడివైపు గుడారాలు వేసిన దిబ్బ ఉంది చూశారా, అది మా ఊరి గుట్ట. మా నాయన అక్కడ మేకలు కాసేవాడు. ఇప్పుడక్కడ రాత్రి పడుకోవడానికి టికెట్ అట.

మీరు చేయగల పని ఒకటుంది. 98 జీవో కింద మండలాలవారీగా ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి ఉద్యోగాలిచ్చారు, ఎన్ని పెండింగులో ఉన్నాయి, ఆ వివరాలు అధికారులను అడిగి అచ్చువేయండి. మేం అడిగితే రేపు రమ్మంటున్నారు. పత్రికవాళ్లు అడిగితే కుర్చీ వేసి ఇస్తారేమో.

ఇట్లు,
శ్రీశైలం ముంపు కుటుంబానికి చెందిన ఒక పాఠకుడు,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా