మన మోరీ నీళ్లు హంసలదీవి దాకా

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టు మార్కులు పిల్లలకిచ్చి పంపాం, చూసి సంతకం పెట్టండి. ఈసారి ఉత్తరంలో చదువుల సంగతి పక్కనపెట్టి నీళ్ల సంగతి రాస్తున్నాను. వినాయక చవితి దగ్గరకొచ్చింది, ఆ వెనకే బతుకమ్మ. ఇప్పుడు చెప్తేనే పనికొస్తుంది.

మొన్న వాన వెలిశాక తొమ్మిదో తరగతి పిల్లలు, సైన్స్ సారు కలిసి మన బడి పక్క మోరీ వాగులో పడేచోట జాలీకి తట్టుకున్న చెత్తను కర్రలతో బయటికి లాగారు. చిప్స్ కవర్లు, గుట్కా ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు వచ్చాయి. అవి ఉంటాయని అందరికీ తెలుసు. పిల్లలు ఆశ్చర్యపోయింది గోరంత ప్లాస్టిక్ ముక్కలను చూసి. పాల ప్యాకెట్ మూల కత్తిరించి పడేస్తామే, ఆ ముక్కలు. ప్యాకెట్‌నైనా ఎవరో ఒకరు ఏరుకుంటారు, ఆ ముక్కను ఎవరూ ఏరరు. జాలీ సందుల్లోంచి జారిపోయేదీ అదే. మూలను పూర్తిగా తెంపకుండా ప్యాకెట్‌కే వేలాడేట్టు కోస్తే చాలు. ఈ పని ఇవ్వాళే మొదలుపెట్టొచ్చు.

"సముద్రం మనకు చాలా దూరం కదా మేడం" అని ఒక పాప అడిగింది. మ్యాపు తీసి చూపించాం. మన వాగు మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర బంగాళాఖాతం. మధ్యలో ఆనకట్టలు ఆపవా అంటే, కొంత ఆగి అడుగున పేరుకుంటుంది. వరదకు గేట్లు ఎత్తినప్పుడు తేలేది తేలుకుంటూ పోతుంది. చలికాలం చివర్లో ఆ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీళ్లలో ఊగే కవరు వాటికి జెల్లీ చేపలా కనబడుతుంది. మింగితే అరగదు, పేగుల్లో అడ్డం పడుతుంది.

పట్నం మురుగంతా మూసీలో పోతుంటే మన కవరు ఎంత అని కొందరు నాన్నలు అన్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. మురుగును శుద్ధి చేశాకే నదిలోకి వదలాలి, అది మనం గట్టిగా అడగాల్సిందే. కానీ మన కాలువల్లో తేలే పురుగుమందు డబ్బాలు పట్నం నుంచి రాలేదు.

పత్తికి, వరికి మందు కొట్టాక పంపును, డబ్బాను కాలువలోనే కడిగేస్తున్నాం. ఆ కడిగిన నీళ్లు చేపలను చంపుతాయి. అవే నీళ్లు బర్రెలు తాగుతాయి, పిల్లలు ఈత కొడతారు. మందు కలిపేటప్పుడే ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోయండి. మందు వృథా కాదు, డబ్బా కడగడానికి కాలువ దాకా పోయే పనీ ఉండదు. తర్వాత డబ్బాకు బొక్కలు పెట్టండి, నీళ్లు పట్టుకోవడానికి ఎవరూ వాడకుండా. దయచేసి ఈ పని పిల్లలతో చేయించకండి. యూరియా కూడా వాన ముంచుకొస్తుంటే చల్లకండి. కొట్టుకుపోయి చెరువులో చేరితే గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. అది కుళ్లినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చచ్చిపోతాయి.

చవితికి ప్రతి తరగతి చెరువు మట్టితో ఒక వినాయకుణ్ణి చేస్తుంది, రంగులు వేయం. నిమజ్జనం బకెట్‌లో చేసి, ఆ నీళ్లు బడి చెట్లకు పోస్తాం. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం అంత తొందరగా కరగదు, దాని రంగులు చెరువులో మిగిలిపోతాయి. వాడల్లో పెట్టే పెద్ద విగ్రహాల విషయం మీ యువజన సంఘాల్లో మీరే మాట్లాడాలి.

బతుకమ్మ పూల వల్ల చెరువుకు చెడు లేదు. తంగేడు, గునుగు, గుమ్మడి పూలు నీళ్లలో కలిసిపోతాయి. నా బాధంతా థర్మాకోల్ మీద పేర్చే బతుకమ్మల గురించి, సద్దులు తెచ్చి గట్టున వదిలేసే కవర్ల గురించి. మన అమ్మమ్మలు పేర్చినట్టు సిబ్బిలోనో తాంబాళంలోనో పేర్చండి. గునుగు పూలకు రంగు అద్దకపోయినా తెల్లగా ఎంతో అందంగా ఉంటాయి.

గడువు దాటిన మందుబిళ్లలు మోరీలో పడేయకండి. అన్నం డబ్బా ప్లాస్టిక్ కవరులో చుట్టి పంపకండి.

బడిలో బట్ట సంచులు కుట్టించాలనుకుంటున్నాం. పాత చీరలు, ప్యాంట్లు ఉంటే ఉతికి శనివారం లోపు పంపండి. కుట్టుమిషన్ ఉన్న అమ్మలు ఒక పూట బడికి వస్తే ఎనిమిదో తరగతి ఆడపిల్లలు, మగపిల్లలు ఇద్దరూ నేర్చుకుంటారు. రాగలిగినవాళ్లు పిల్లల డైరీలో ఒక్క మాట రాసి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నల్లగొండ జిల్లా