తేగ తప్పేం లేదు

భీమవరం

అమ్ములూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మీ అమ్మ పక్కన పడుకున్నావు గదా. నువ్వు బస్సెక్కాక చెప్పింది: "పిల్ల నిద్రలో పళ్ళు కొరుకుతోందండీ, ఖాళీ చిప్పని కోరాంతో గీకినట్టు ఒకటే చప్పుడు." నాకు భయమేసింది. అది నా జబ్బే.

రొయ్యల చెరువు వేసిన కొత్తలో రాత్రికి నాలుగుసార్లు లేచేవాణ్ణి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలిపోతుంది. పొద్దున్నే నాకు కణతలు లాగేసేవి, ఆవలిస్తే చెవి ముందు టక్కుమనేది. చెవిపోటనుకుని చుక్కల మందు వేసుకున్నాను. ఒకచోట జ్ఞానదంతం పీకేశారు, నొప్పి మాత్రం పోలేదు. మీ మామ్మ నులిపురుగులంది, ఆవిడ మాట తీసెయ్యలేక ఆ మందూ మింగాను.

ఓరోజు తేగ కొరుకుతుంటే దవడపన్ను అంచు ఊడి చేతిలోకొచ్చింది. తేగని తిట్టుకుంటూ వెళ్తే డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. కోరపళ్ళ మొనలు అరిగి చదునైపోయాయి. నాలుక అంచంతా పళ్ళ అచ్చులే. "తేగేం చేసిందండీ పాపం, రాత్రుళ్ళు మీరే నూరేసుకున్నారు" అంది.

పళ్ళకి అచ్చు తీసి, రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి తొడుక్కునే గార్డు చేసిచ్చారు. అది పెట్టుకుంటే కొరకడం మానేస్తామనుకోకు. పన్నుకి బదులు దాన్ని కొరుకుతాం, అంతే. నాదాని మీద ఎన్ని గాట్లో! అవన్నీ పళ్ళ మీద పడాల్సినవి. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ రకం కొనకు, వదులుగా ఉంటే ఇంకా నములుతాం. మొదట్లో చొంగ కారుతుంది, తీసి అవతల పారెయ్యాలనిపిస్తుంది. ఓర్చుకో. చన్నీళ్ళతోనే కడుగు, వేణ్ణీళ్ళు తగిలితే వంకర పోతుంది.

అసలు ఈ అలవాటుని పట్టుకోవాల్సింది పగలే అంటాను నేను. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తగలక్కర్లేదట. పెదాలు మూసి, పళ్ళు విడిగా, నాలుక కొస పై పళ్ళ వెనక ఉంచు. గుర్తుండటానికి మోటారు స్టార్టర్ పెట్టె మీద సుద్దతో 'పళ్ళు' అని రాసుకున్నాను. చెరువు కాడ కుర్రాడు చూసి "అరటిపళ్ళు తెమ్మంటారాండీ?" అన్నాడు. నువ్వు కంప్యూటర్ మీద రాసుకో, అక్కడ ఎవరూ తేరులే.

రాత్రి కాఫీ మానెయ్. దవడ పట్టేసిన రోజు వేడి గుడ్డతో కాపడం పెట్టుకుని మెత్తటి అన్నం తిను. చూయింగ్ గమ్ జోలికి పోకు. గురక ఉంటే డాక్టరుకి చెప్పు, నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళలోనూ ఇది ఉంటుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్లా రావచ్చు. అలాంటివి వాడుతుంటే దాచకుండా చెప్పు, నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. దవడ కండ సడలడానికి బొటాక్స్ సూది వేస్తామంటే అది మూడు నాలుగు నెలల ముచ్చటే, అవసరమేమిటో అడుగు. పళ్ళు అరగదీసి సరిచేస్తామంటే మాత్రం ఇంకో డాక్టరుకి చూపించకుండా ఒప్పుకోకు. అరిగిన పన్ను మళ్ళీ పెరగదు.

ఈసారి తేగలు పంపట్లేదు. మీ అమ్మ ఆత్రేయపురం పూతరేకులు కట్టింది, వాటికి పళ్ళతో పనిలేదు.

మీ నాన్న