ఇంగ్లీషు పిల్లల నోట పలకాలి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు తొమ్మిదో తరగతి. మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒక ఇంగ్లీషు పద్యం సారాంశాన్ని గైడులోంచి తడుముకోకుండా అప్పజెప్పింది. పుస్తకం మూయించి, "ఇవాళ బడి నుంచి ఎలా వచ్చావో ఇంగ్లీషులో చెప్పమ్మా" అన్నాను. చాలాసేపు గుమ్మం వైపు చూసి, "అది సిలబస్‌లో లేదు తాతయ్యా" అంది. నా మనసు చివుక్కుమంది.

తప్పు పిల్లదీ కాదు, టీచరుదీ కాదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషుకి 100 మార్కులూ రాతకే. ఇక నోరు విప్పించే తీరిక ఎవరికుంటుంది? 2020-21లో ప్రభుత్వ బడులకు ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. మంచి పనే. కానీ తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్మ కంటే ముందే వస్తుంది. ఈ తేడా సూత్రం చెబితే ఎక్కదు, పదేపదే పలికితేనే పట్టుబడుతుంది.

మా కోనసీమ పిల్లలకి చెప్పడానికి కబుర్లు లేకనా? కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటడం, కొబ్బరి దింపు, వరద రోజుల్లో లంకలో నాటు పడవ. వీటి గురించి నాలుగు వాక్యాలు తప్పులతోనైనా మాట్లాడనివ్వండి. పద్యాన్ని ముందు గట్టిగా చదివించి, నచ్చిన పాదం ఏదో అడగండి. సారాంశం తర్వాత సంగతి.

వారానికి ఒక్క పీరియడు ఇందుకు కేటాయించాలని, మాట్లాడటానికీ కొన్ని మార్కులు పెట్టాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

- ఒక తాతయ్య, అమలాపురం