పల్చని లాప్‌టాప్‌కి లావుపాటి ధర: కంపెనీకి ఒక ఫిర్యాదు లేఖ

శ్రీకాకుళం

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,
భారత ప్రధాన కార్యాలయం, బెంగళూరు.

విషయం: 14 అంగుళాల పల్చని మోడల్‌లో ఐ7 ప్రాసెసర్ పేరుతో అదనంగా తీసుకున్న రూ. 18,000 గురించి, ఎక్కడా రాయని వాట్ల లెక్క గురించి.

అయ్యా,

మీ పల్చని మోడల్ లాప్‌టాప్‌ని ఎండలు ముదరకముందు శ్రీకాకుళంలో మీ అధీకృత డీలరు దగ్గర రూ. 1,04,990 పెట్టి కొన్నాను. తెర పగల్లేదు, మీటలు ఊడలేదు, బ్యాటరీ ఉబ్బలేదు. అందుకే మీ చాట్‌లో కూర్చున్నవాళ్లకి నా ఫిర్యాదు ఏ గడిలో వేయాలో తెలియలేదు. ‘పరీక్షించాం, యంత్రం సవ్యంగానే పనిచేస్తోంది’ అని రాసి మూసేశారు. సవ్యంగా పనిచేస్తున్న యంత్రం మీదే నా ఫిర్యాదు. ప్రకటన తెలుగులో వేశారు గనక ఇది కూడా తెలుగులోనే రాస్తున్నాను, చదివించుకోగలరు.

నేను ప్రైవేటు సర్వేయర్ని. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైన దగ్గర్నుంచి మా జిల్లాలో నాలాంటి వాళ్లకి పని పెరిగింది. అన్నదమ్ముల వాటాలు, గట్టు తగాదాలు, ఉద్దానం వైపు జీడి, కొబ్బరి తోటల హద్దులు, తీరం వెంట రొయ్యల చెరువులు. బైకు మీద హద్దులు కొలిచే జీపీఎస్ రోవరు, దాని పోలు, ట్రైపాడు, డ్రోన్ పెట్టె, బ్యాటరీలు కట్టుకుని మందస, సోంపేట దాకా పోతుంటాను. వీటన్నిటి మీద లాప్‌టాప్ సంచి. పాత లాప్‌టాప్ రెండున్నర కిలోలు ఉండేది. సాయంత్రానికి దాని తాలూకు నొప్పి భుజంలో తెలిసేది.

ఇంటికొచ్చి డెస్క్‌టాప్ మీద చేసుకోవచ్చు కదా అంటారేమో. మా పని అలా కుదరదు. డ్రోన్ తీసిన ఫొటోలన్నీ అతికించి ఒకే పటంగా చేసి, దాని మీద పాత ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) గీతలు పరిచి, ఇరుపక్షాల వాళ్లకీ ఆ చెట్టు కిందే చూపిస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. అదే పటం రాత్రికి ఇంటికి తీసుకెళ్లి మర్నాడు తెస్తే, మధ్యలో ఎవరో వచ్చి నన్ను కలిశారన్న పుకారు నాకన్నా ముందు ఊళ్లోకి చేరుతుంది. అంచేత నాకు తేలికా కావాలి, సత్తువా కావాలి. ఈ రెండూ ఒకేచోట దొరుకుతాయని చెప్పింది మీరే. మీ ప్రకటనలో వాక్యం ఇది: ‘990 గ్రాముల్లో పూర్తి ఐ7 శక్తి.’ ఆ ‘పూర్తి’ దగ్గరే నా పేచీ.

ఇందులో ఉన్న ప్రాసెసర్ కోర్ ఐ7-1355యు. దీన్ని తయారుచేసిన ఇంటెల్ దాపరికం ఏమీ లేకుండా రెండు సంఖ్యలు ప్రకటించింది: ఆపకుండా పనిచేసేటప్పటి బేస్ పవర్ 15 వాట్లు, కాసేపు పరుగెత్తేటప్పటి గరిష్ఠ టర్బో పవర్ 55 వాట్లు. మీరు అట్టపెట్టె మీద అచ్చువేసిన 5 గిగాహెర్ట్జ్ ఆ టర్బో వేగం. 55 వాట్ల వేడిని మీ 14 మిల్లీమీటర్ల డొక్కలోంచి, అగ్గిపెట్టెంత మందం కూడా లేని ఒక్క ఫ్యానుతో ఎంతసేపు బయటికి తోయగలరు? నేను కొలిచి చూశాను. పటం అతికించే పని మొదలుపెట్టగానే 50 వాట్లు దాటింది. నిమిషం తిరక్కుండా 28కి దిగింది. ఆ తరవాత 15, 16 దగ్గర కుదురుకుని పని అయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. గిగాహెర్ట్జ్ 5 నుంచి రెండుకు కాస్త అటూ ఇటూ అయింది. ఈ అంకెలన్నీ తెర ఫొటోలతో సహా జతచేశాను.

ఇందులో మీ తప్పు లేని భాగం ఏదో నాకూ తెలుసు. గడియార వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పెరిగితే కరెంటు ఖర్చు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. అందుకే చివరి కొసరు వేగానికి ఖర్చు మూడు, నాలుగింతలవుతుంది. పల్చని యంత్రం ఆ ఖర్చు భరించలేదు. ఇది ఏ కంపెనీకైనా తప్పదు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని కాగితం కవరులోంచి తీసి చూపించినప్పుడు దాని ధర 1,799 డాలర్లు. దానికన్నా చాలా చౌకగా దొరికే మామూలు మ్యాక్‌బుక్ దానికన్నా వేగంగా నడిచేది. కొనేవాళ్లకి ఆ సంగతి తెలుసు, తేలిక కోసమే డబ్బు పోశారు. ఆ బేరం కళ్ల ముందు జరిగింది. మీ బేరం అలా జరగలేదు.

ఎలా జరిగిందో చెబుతాను. ఇదే డొక్కలో, ఇదే ఫ్యానుతో, ఇదే 16 జీబీ ర్యామ్‌తో ఐ5-1335యు వేసి రూ. 86,990కి మీరే అమ్ముతున్నారు. షాపులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ‘సార్, మీది మ్యాపుల పని కదా, ఐ7 లేకపోతే కష్టం’ అన్నాడు మీ కంపెనీ టీషర్టు వేసుకున్న అబ్బాయి. వాణ్ణి ఏమీ అననండి, మీరు నేర్పింది అప్పజెప్పాడు. ఆ ఐ5లోనూ 10 కోర్లే, 12 థ్రెడ్లే. బేస్ పవర్ అదే 15, టర్బో పవర్ అదే 55. తేడా ముఖ్యంగా టర్బో వేగంలోనే: అక్కడ 4.6, ఇక్కడ 5. అంటే నేను రూ. 18,000 ఎక్కువ పోసి కొన్నది మొదటి నిమిషంలో మాయమైపోయే వేగం.

పలాసలో ఇదే వృత్తిలో ఉన్న మిత్రుడి దగ్గర ఆ ఐ5 మోడల్ ఉంది. ఇద్దరం ఒకే తోట ఫొటోలు, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే సెట్టింగులు పెట్టి, ఒకే గదిలో ఫ్యాను కింద రెండిటినీ పక్కపక్కన నడిపించాం. రెండూ మూడు గంటలకు పైనే తీసుకున్నాయి. నాది పది నిమిషాలు కూడా ముందు అవలేదు. పదిహేను వాట్ల దగ్గర ఇద్దరమూ ఒక్కటే అయిపోయాం మరి. నా పాత రెండున్నర కిలోల లాప్‌టాప్ మీద అదే పని ఇందులో సగం టైములో తెమిలింది. అది కొని చాలా ఏళ్లయింది, దాని ధర మీ ధరలో సగం.

ఇది ఫ్యాను కింద సంగతి. మే నెలలో కాశీబుగ్గ అవతల తోటలో కూర్చుంటే ఇంకో రకం. మీ వాడకం పుస్తకం చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటకూడదని ఉంది. ఆ నెలలో మాకు నీడలోనే అది దాటుతుంది. పన్నెండు వాట్లకి కూడా పడిపోవడం చూశాను. చుట్టూ జనం, మధ్యలో నేను, తెర మీద తిరుగుతున్న గుండ్రం. ‘ఏటి బాబూ, ఇంకా అవలేదేటి?’ అని ఒక రైతు అడిగాడు. ‘లచ్చ రూపాయల మిషనన్నావు?’ అని పక్కనున్నాయన అందుకున్నాడు. అడిగినవాళ్లకి చెప్పాల్సిన జవాబు నిజానికి మీది.

బరువు సంగతికి వస్తాను. 990 గ్రాములు నిజమే, తూచాను. అయితే దానితో వచ్చిన 65 వాట్ల చార్జరు, తీగ కలిపి మూడువందల గ్రాముల పైమాట. ఉన్నవి రెండే టైప్-సి రంధ్రాలు. డ్రోన్ మెమరీ కార్డు పెట్టడానికి చోటు లేదు, రోవరు తీగ పెట్టడానికి చోటు లేదు. కాబట్టి ఒక హబ్, ఒక కార్డ్ రీడరు. ‘వేడెక్కుతోంది’ అని రాస్తే మీ చాట్‌వాళ్లు ఇచ్చిన సలహా: కూలింగ్ ప్యాడ్ కొనుక్కోండి. అది ముప్పావు కిలో. పలాసలో జీడిపప్పు వ్యాపారి డబ్బాతో కలిపి తూస్తే తూనికలు, కొలతల శాఖ వాళ్లు వచ్చి కేసు రాస్తారు. మీరేమో పని జరగడానికి కావలసినవన్నీ పక్కన పెట్టి తూచి, ఆ తూకాన్నే పెద్ద అక్షరాల్లో వేసుకుంటున్నారు.

‘18 గంటల బ్యాటరీ’ అన్నది కూడా చిన్న భాగహారంతో తేలిపోతుంది. బ్యాటరీ 50 వాట్-అవర్లు. 18తో భాగిస్తే సగటున మూడు వాట్లు కూడా రావు, అందులోనే తెర కూడా వెలగాలి. తెర మసకగా పెట్టుకుని వీడియో చూసేవాడికి కుదురుతుందేమో. ఎండలో తెర కనపడాలంటే వెలుగు నిండా పెంచాలి. ప్రాసెసర్‌కి 15, తెరకీ మిగతావాటికీ ఇంకో అయిదు. ఇరవై వాట్ల లెక్కన రెండున్నర గంటలు. పని మూడు గంటల పైన అని ముందే చెప్పాను. కరెంటు లేని తోటలో ఆ పని ఎలా ముగుస్తుందో మీరే ఆలోచించండి.

ర్యామ్ గురించి ఎక్కువ రాయను. బోర్డుకే అతికించేశారు, పెంచుకోవడానికి లేదు. పల్చదనం కోసం అలా చేయడం ఈమధ్య మామూలే. కాని షాపులో ధర చీటీ మీద ఆ ముక్క లేదు. 16 జీబీ అని ఉందంతే. కొన్నాక పెంచుకుందామనుకునేవాడికి అది ముందే తెలియాలి.

మీ చాట్‌లో వచ్చిన ఇంకో జవాబు కూడా రికార్డులో ఉండాలని రాస్తున్నాను. ‘యంత్రాన్ని విశాఖపట్నం సర్వీస్ సెంటరుకు తీసుకురండి, పరీక్షించి చెబుతాం.’ శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైన. అక్కడ ఎవరు ఏం పరీక్షించినా 14 మిల్లీమీటర్లు 20 కావు. ఆ చర్చ కోసం ఒక రోజు పని మానుకుని రాలేను.

తేలిక కోసం డబ్బు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. మీ దగ్గరే రూ. 89,990కి రెండు కిలోల పైచిలుకు లావు మోడల్ ఉంది. అందులో హెచ్ తరగతి ప్రాసెసర్, బేస్ పవర్ 45 వాట్లు, ర్యామ్ పెంచుకోవడానికి రెండు స్లాట్లు. దానితో దాదాపు సమానమైన ధర పెట్టి, అందులో మూడోవంతు సత్తువ ఉన్న ఐ5 పల్చనిది కొనడం కూడా తెలివైన బేరమే కావచ్చు, బైకు మీద తిరిగేవాడికి భుజం ముఖ్యం గనక. అది కొనేవాడి ఇష్టం. కాని తేలికకి ఒకసారి డబ్బు తీసుకుని, ఆ తేలిక వల్లే నిలబడలేని వేగానికి రెండోసారి రూ. 18,000 తీసుకోవడం కొనేవాడి ఇష్టం కాదు. మొదటి నిమిషం తరవాత ఈ డొక్క ఎన్ని వాట్లు మోస్తుందో మీ ఇంజనీర్లకి తెలుసు. ఆ సంఖ్య కొలవకుండా ఫ్యాను సైజు ఎవరూ నిర్ణయించరు. తెలిసిన సంఖ్యని వెబ్‌సైటులో, అట్టపెట్టె మీద, ధర చీటీ మీద ఎక్కడా రాయలేదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(28), ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటనను తప్పుదారి పట్టించే ప్రకటనగానే లెక్కిస్తుంది. సెక్షన్ 34 ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, బెంగళూరు రానక్కర్లేదు. రూ. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. ఇవి బెదిరింపుగా రాయడం లేదు, ఈ పాటికి మీ లీగల్ విభాగం వారికి తెలిసే ఉంటాయి.

నేను కోరుతున్నది చెబుతాను. ఐ7కీ ఐ5కీ మధ్య తేడాగా తీసుకున్న రూ. 18,000 నా బ్యాంకు ఖాతాకి వాపసు చేయండి. యంత్రం నేనే ఉంచుకుంటాను. చిన్న కమతాలకి, పటాలు తెరిచి చూపించడానికి ఇది బాగానే ఉంది, తేలిక నాకు నిజంగానే పనికొస్తోంది. అలా కుదరదంటే యంత్రం వెనక్కి తీసుకుని పైన చెప్పిన లావు మోడల్ ఇచ్చి, మిగిలిన రూ. 15,000 చెల్లించండి. నా మటుకు మొదటిదే న్యాయం. డబ్బుతో సంబంధం లేకుండా ఇంకొకటి అడుగుతున్నాను: ఈ మోడల్ రెండు రకాల పేజీల్లోనూ 5 గిగాహెర్ట్జ్, 4.6 గిగాహెర్ట్జ్ అన్నచోట, అరగంట ఆపకుండా పనిచేస్తే ఎన్ని వాట్లు, ఎంత వేగం అన్నది అంతే సైజు అక్షరాల్లో వేయండి. ఎన్ని డిగ్రీల గదిలో కొలిచారో కూడా వేయండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా మీ జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఆ తరవాత శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. జవాబు కాగితం మీద, సంతకంతో, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. చాట్ వద్దు.

ఇట్లు,
మీ వినియోగదారుడు, ప్రైవేటు సర్వేయరు,
శ్రీకాకుళం.

జతపరచినవి: బిల్లు నకలు, సీరియల్ నంబరు కనిపించే అట్టపెట్టె ఫొటో, వాట్ల కొలతల తెర ఫొటోలు, రెండు మోడళ్ల పరీక్ష వివరాలు, చాట్ సంభాషణల ప్రింటు, మీ తెలుగు ప్రకటన కత్తిరింపు.