మీ వాచీ, ఆప్‌లపై ఫిర్యాదు

తిరుపతి,
బైరాగిపట్టెడ.

వినియోగదారుల విభాగం అధికారి గారికి,

విషయం: వృద్ధుల సంరక్షణ వాచీతో ఇబ్బందులు, చందా వాపసు గురించి.

అయ్యా,

నా వయసు 69. మతిమరుపు జబ్బున్న మావారిని నాలుగేళ్లుగా ఇంట్లో నేనే చూసుకుంటున్నాను. నాకు కాస్త ఊరటగా ఉంటుందని డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి మీ వాచీ కొని, ఆప్‌కు ఏడాది చందా కట్టాడు. ఊరట సంగతి దేవుడెరుగు, ఇప్పుడు నేను ఇద్దరికి సేవ చేస్తున్నాను: ఆయనకూ, మీ వాచీకీ.

మొన్న మధ్యాహ్నం సంగటి కెలుకుతున్నాను. పిండి వేశాక తెడ్డు ఆపితే ఉండలు కడుతుంది. సరిగ్గా అప్పుడే ఫోను కేకలు పెట్టింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో ఎర్రగా వెలుగుతోంది. గుండె ఝల్లుమని పరుగెత్తితే, ఆయన వరండాలో హాయిగా కూర్చుని ఉన్నారు. వాచీ బియ్యం డబ్బాలో ఉంది. “ఎవరిదో వాచీ, అడిగితే ఇచ్చెయ్యి” అన్నారు. మతిమరుపున్న మనిషి వాచీ విప్పేస్తారని మీ ఇంజనీర్లకు తోచలేదా? పిండి అంటిన వేలితో నొక్కితే తెర పలకలేదు. చేయి కడుక్కుని వచ్చేలోపే ‘సంరక్షకురాలి స్పందన లేదు’ అని మా అబ్బాయికి సందేశం వెళ్లిపోయింది. అక్కడ అర్ధరాత్రి దాటింది. నిద్ర లేచి, “అమ్మా, నాన్నను వదిలి ఎక్కడికి వెళ్లావు?” అన్నాడు. 46 ఏళ్ల కాపురంలో నన్ను ఆ మాట అడిగినవారు లేరు.

మాత్రలు మింగించినా, మీ బొత్తాం నొక్కకపోతే మింగించనట్టే లెక్క. రాత్రి మూడుసార్లు లేచి పక్కబట్టలు మార్చడం మీ లెక్కలోకే రాదు. ఓటీపీ అబ్బాయి ఫోనుకే పోతుంది. మీ సహాయ నంబరుకు ఎన్నిసార్లు చేసినా మనిషి గొంతు ఒక్కసారే వినిపించింది, అదీ హిందీలో. (పాపం, మర్యాదగానే మాట్లాడాడు. నాకే అర్థం కాలేదు.) వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన 14567కు రూపాయి ఖర్చు లేకుండా ఫోను చేసుకోవచ్చు. చందా పుచ్చుకునే మీరు తెలుగులో పలికే ఒక్క మనిషిని పెట్టలేరా?

హెచ్చరికలు తెలుగులో, గొంతుతో చెప్పించండి. ఓటీపీ నా నంబరుకు పంపండి. అబ్బాయికి సందేశం పంపేముందు నాకు ఒకసారి ఫోను చేయండి. 15 రోజుల్లో ఇవి చేయలేకపోతే మిగిలిన నెలల చందా వెనక్కి ఇవ్వండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. మావారు కోర్టు గుమస్తాగా పనిచేశారు. అర్జీ రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

రసీదు నకలు జత చేశాను. వాచీ తిరిగి పంపమంటే పంపుతాను. ఈ పూట ఆయన దాన్ని ఎక్కడ దాచారో ముందు వెతకాలి.

ఇట్లు,
మీ చందాదారు తల్లి