రెండుకీ మూడుకీ మధ్య ఒక పన్ను

సోనాపూర్ క్యాంపు, దుబాయ్
జులై 20, ఆదివారం

బాపూ,

మెట్‌పల్లి పిలగాడొకడు గురువారం ఇంటికి వస్తున్నాడు. రెండు డబ్బాల పాలపొడి, అవ్వ మోకాళ్ళకు టైగర్ బామ్ అతని చేతికిచ్చి, ఈ ఉత్తరం ఆ సంచీలోనే పెడుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. రూములో ఎనిమిది మందిమి, అందులో ఒకడు ఫోర్‌మన్ బామ్మర్ది. ఏడో తరగతి దాకా చదివావు కదా, మెల్లగా కూడబలుక్కుని నువ్వే చదువు. చెల్లె చేతికి ఇవ్వకు, అది అవ్వకు చెప్పేస్తుంది.

నాకేమీ కాలేదు. ఒళ్ళు బాగానే ఉంది. ముందు ఆ టెన్షన్ తీసెయ్.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని సర్కారు రూలు. చేయిస్తే తలకు 5,000 దిర్హాములు జరిమానా. కాంక్రీటు పోయడం లాంటి మధ్యలో ఆపలేని పనులకు మినహాయింపు ఉంది, అప్పుడు కూడా నీడ, చల్లటి నీళ్ళు దగ్గర పెట్టాలి. రాడ్లు కట్టడం దాంట్లోకి రాదు. మా సైటులో మాత్రం స్లాబు చూడ్డానికి ఇంజనీర్లు వస్తున్నారని ఆరుగురిని ఆ టైములో పైనే ఉంచి రాడ్లు కట్టించారు. టైమ్ కీపర్‌ని నేను. ఎవరు ఎన్నింటికి పైకి ఎక్కారు, ఎన్నింటికి దిగారు అన్నది రిజిస్టర్లో రాయడమే నా పని. వాళ్ళు పైన ఉన్నారని నాకు తెలుసు. మూడు రోజులు ఆరు పేర్ల ఎదురుగా 'విరామం' అని నా చేత్తోనే రాశాను. ఈ ముక్క దాచి మిగతాది చెప్తే నేనేదో గొప్ప పని చేసినట్టు ఉంటుంది.

నాలుగో రోజు, పోయిన సోమవారం, వాళ్ళలో ఒక బీహారీ పిల్లాడు పడిపోయాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. రాడ్ల మీదే బోర్లా పడ్డాడు. కిందికి దించేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు, ఏదేదో మాట్లాడుతున్నాడు. నేను క్యాబిన్లో గడియారం చూశాను. రెండూ పది.

మర్నాడు సాయంత్రం మేనేజరు పిలిచి ఒక చిత్తుకాగితం ఇచ్చాడు. పిల్లాడు మూడూ ఇరవైకి పడిపోయాడని, అప్పటిదాకా అందరూ నీడలోనే ఉన్నారని, టైమ్ కీపర్‌గా నేను చెప్తున్నట్టు రాసి ఉంది. అరబీలో టైపు చేయించి, సంతకం పెట్టి పొద్దున ఏడింటికల్లా ఇవ్వాలట. గట్టిగా ఏమీ అనలేదు. నా వీసా రెన్యువల్ అక్టోబర్‌లో ఉందని మాత్రం గుర్తు చేశాడు. ఏజెంటు బాకీ ఇంకా నలభై వేలు ఉందని నాకు నేనే గుర్తు చేసుకున్నాను.

ఖుసైస్‌లో టైపింగ్ సెంటర్లు చాలా ఉంటాయి. వీసా ఫారాలు, అర్జీలు అరబీలో కొట్టిచ్చే దుకాణాలు. రాత్రి ఎనిమిదింటికి ఒకదాంట్లోకి వెళ్ళాను. మలబారీ ముసలాయన, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడేసుకున్నాడు. చిత్తుకాగితం తీసుకుని చదివాడు. చదివి నా వైపు చూశాడు, మళ్ళీ చదివాడు. ఏమీ అడగలేదు. టకటకా కొట్టి ప్రింటు తీశాడు. చూస్తే టైము ఉండాల్సిన చోట ఖాళీ, దాని కింద చుక్కల గీత.

"టైము చాలామంది చేత్తోనే రాసుకుంటారు" అన్నాడు హిందీలో.

ఎవరూ రాసుకోరు బాపూ. వీసా పనుల మీద ఐదేళ్ళుగా ఈ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నాను, నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

తర్వాత ఒక చిన్న కాగితం మీద అరబీ అంకెలు ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా వేసిచ్చాడు. సున్నా అంటే వాళ్ళకు చుక్క. ఒకటి నిలువు గీత. రెండు అంటే ఆ గీతకే పైన దువ్వెనకు ఉన్నట్టు ఒక పన్ను. ఇంకో పన్ను పెడితే మూడు. అంతే తేడా. ఫ్లాస్కులోంచి పాలు లేని చాయ్ పోసి నా ముందు పెట్టి, నమాజుకు పోయి వస్తానన్నాడు. షట్టరు సగం దించి వెళ్ళిపోయాడు. గల్లాపెట్టెకు తాళం కూడా వేయలేదు.

అరగంట ఒక్కడినే కూర్చున్నాను. కోపం చేసుకోకు బాపూ, చిన్నబాపు చెలక కాగితం మీద నీ సాక్షి సంతకం గుర్తొచ్చింది. పెద్దమనుషులు అడిగితే కాదనలేక పెట్టావు. చిన్నబాపు మళ్ళీ మన గడప తొక్కలేదు. నువ్వు ఇప్పటికీ ఆ చెలక పక్క నుంచి నడవవు, చెరువు కట్ట మీద నుంచి చుట్టు తిరిగి వస్తావు. చిన్నప్పుడు కాళ్ళు నొప్పులని నేనూ చెల్లే ఆ దారిని ఎంత తిట్టుకునేవాళ్ళమో.

ఆయన తిరిగొచ్చేసరికి రాసేశాను. ఒక్క పన్నే పెట్టాను. నేను ఏం రాశానో ఆయన చూడలేదు. కాగితం బోర్లా తిప్పి, అలాగే కవర్లో పెట్టి ఇచ్చాడు. ఇరవై దిర్హాములు తీసుకున్నాడు, ఒక్క దిర్హామ్ తగ్గించలేదు. అది కూడా నాకు నచ్చింది.

పొద్దున మేనేజరు ఆ కాగితం వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇది రెండా, మూడా?" అన్నాడు. మూడే సార్, సరిగ్గా పడలేదు అంటే సరిపోయేది. అంత సందు ఇచ్చాడు. నోరు ఎండిపోయింది. "రెండు సార్" అన్నాను. రిజిస్టర్లో మూడు రోజులు తప్పు రాశానని కూడా చెప్పాను. అది మాత్రం ఆయనకు అక్కర్లేదు.

ఇప్పుడు నేను క్యాబిన్లో లేను, స్టీలు యార్డులో రాడ్లు మోస్తున్నాను. ఓవర్‌టైమ్ ఆపేశారు. ఆ కాగితం పైకి వెళ్ళిందో, చించేశారో నాకు చెప్పేవాళ్ళు లేరు. పిల్లాడు మూడు రోజులు ఐసీయూలో ఉండి వార్డులోకి వచ్చాడు. నిన్న పోయి చూశాను. పడిపోయిన రోజు వాడికి ఏమీ గుర్తు లేదట. నన్ను గుర్తుపట్టి, "భయ్యా, ఆ రోజు హాజరు ఫుల్ వేశావా, హాఫా?" అని అడిగాడు.

ఈ నెల పైసలు తక్కువ వస్తాయి. ఎరువుల దుకాణం బాకీ వచ్చే నెల కడతానని చెప్పు, బర్రెను మాత్రం అమ్మకు. పసుపులో కలుపు తీయించావా? అంకెల కాగితం ఈ కవర్లోనే పెట్టాను, పారేయకు. చెల్లెకు చూపించి ఏది రెండో, ఏది మూడో చెప్పమను. ఎందుకని అడిగితే అన్న అరబీ నేర్చుకుంటున్నాడని చెప్పు.

నీ కొడుకు